పాతికేళ్ళ బృందగానం, ఏడాదిలో నాలుగు కచేరీలు: పాటల్ని ఎలా ఎంచుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. హైదరాబాదులోని మీ కాలనీ బృందగానానికి వచ్చే ఏడాది పాతికేళ్ళు నిండుతున్నాయి. పాడేవారు 38 మంది ఉన్నారు, వారిలో గురువు దగ్గర సంగీతం నేర్చుకున్నవారు పదిమందికి మించి లేరు. రజతోత్సవం పేరిట ఏడాదిలో నాలుగు కచేరీలు చేయాలని తలపెట్టారు. అయితే పెద్దవారు త్యాగరాజ పంచరత్నాలు కావాలంటున్నారు, కొందరు పాత సినిమా పాటలు, కొందరు జానపదాలు అడుగుతున్నారు, కుర్రవాళ్ళేమో పాశ్చాత్య పద్ధతిలో నాలుగు గళాలుగా విడిపోయి (ఒకేసారి నాలుగు వేర్వేరు స్వరవరుసలతో) పాడాలని ఉబలాటపడుతున్నారు. అందరినీ తృప్తిపరచడానికి ప్రతి కచేరీలోనూ అన్ని రకాలనూ కలిపి వడ్డించవచ్చా అని అడిగారు.

కలపవద్దనే నా సలహా. ఒక్కొక్క కచేరీని ఒక్కొక్క పాడే తీరు చుట్టూ అల్లండి. అన్నీ కలిసే వేదికగా చివరి కచేరీ ఒక్కదాన్నే ఉంచండి. నాలుగు కచేరీలకూ కలిపి ఇరవై ఎనిమిది పాటలు చాలు. అందులో పూర్తిగా కొత్తవి ఏడుకు మించకూడదు, మిగిలినవి మీ పాతికేళ్ళ భాండాగారంలోంచే రావాలి. నేను విశాఖపట్నంలో ఇరవై రెండేళ్ళపాటు ఇటువంటి బృందాన్నే నడిపాను. ఈ లెక్కకు రావడానికి నాకు రెండు వార్షికోత్సవాలు పట్టాయి.

కొత్త పాటలు ఏడే ఎందుకో ముందు చెబుతాను. మీరు వారానికి ఒకసారి, రెండు గంటలు సాధన చేస్తారని రాశారు. పండుగలు, పరీక్షలు, పెళ్ళిళ్ళు పోగా ఏడాదికి నలభై ఐదు వారాలు మిగిలితే అది తొంభై గంటల సాధన. అందులో సగం పాత పాటలకు మెరుగు పెట్టడానికే ఖర్చవుతుంది. మిగిలిన నలభై ఐదు గంటల్లో, ఒక కొత్త పాట కాగితం చూడకుండా పాడగలిగే స్థితికి రావడానికి నా అనుభవంలో ఆరు గంటలు కావాలి. ఏడు పాటలకు నలభై రెండు గంటలు. ఎనిమిదో పాటను చేర్చితే అది మిగిలిన ఏడింటి సమయాన్ని తింటుంది. ఈ లెక్కను కాగితం మీద వేసి అందరి ముందూ పెట్టండి. నా ఇష్టం నీ ఇష్టం అన్న వాదన సగానికి సగం అక్కడే చల్లారుతుంది, ఎందుకంటే ఇక మాట్లాడుకునేది గంటల గురించి.

మా పదో వార్షికోత్సవంలో నేను సరిగ్గా మీరు అడిగినట్టే చేశాను. ఒకే సాయంత్రం ఇరవై ఆరు పాటలు పెట్టాను: కృతి తరువాత సినిమా పాట, ఆ వెంటనే కోలాటం పాట, దాని వెనుక దేశభక్తి గీతం. ఎవరి కోరికనూ కాదనలేదన్న సంతోషం నాకుండేది. పదిహేడో పాట దగ్గర ఆడవారి గళాలు అలసి పై షడ్జమం (పై ‘స’) అందక శ్రుతి దిగిపోయింది. అంతకంటే నన్ను బాధించినదేమిటంటే, కృతికి కావలసిన నిదానమైన ఊపిరి నుంచి కోలాటానికి కావలసిన బిగువైన గొంతుకు, అక్కడినుంచి మళ్ళీ వెనక్కి మారడంలో ఏ ఒక్క పాటా దాని తీరులో స్థిరపడలేదు. శ్రోతలకు ఎన్నో పాటలు వినిపించాయి గాని మా బృందపు గొంతు ఏదో వారికి తెలియలేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చాక వైవిధ్యం అన్న మాటను నేను తప్పుగా అర్థం చేసుకున్నానని తెలిసింది. పాటల జాబితాలో కనిపించే వైవిధ్యం వేరు, చెవికి తెలిసే వైవిధ్యం వేరు. ఒకే గొంతుగా పాడటం, ముందు ఒకరు అందిస్తే వెనుక అందరూ అందుకోవడం, రెండు జట్లుగా ప్రశ్న జవాబుల్లా పాడటం, వేర్వేరు స్వరాలను ఒకేసారి పలికించడం అనేవి చెవికి తెలిసే తేడాలు. వీటిని పట్టుకుని కచేరీలు అల్లితే పాటల రకాలు వాటంతట అవే విడిపోతాయి.

ఇక ఎంపికకు ముందు ప్రతి పాటనూ ఒక్క ప్రశ్న అడగండి: నలభై మంది పాడితే ఈ పాట పెరుగుతుందా, తరుగుతుందా? ఎంకి పాటలంటే నాకు ప్రాణం. అయినా వాటిని బృందగానంలో నేనెన్నడూ పెట్టలేదు. ఇద్దరి మధ్య ఏకాంతంలో నడిచే ఆ మాటను నలభై మంది ఒక్కసారిగా పలికితే అందులోని గుసగుస పోతుంది. క్షేత్రయ్య పదాలూ అంతే, ఆ విలంబమూ (నిదానపు నడకా) ఆ భావమూ ఒక్క గొంతుకోసం పుట్టినవి. దీనికి భిన్నంగా త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తనలను చూడండి. ‘శ్రీరామ జయరామ శృంగార రామ’, ‘తవ దాసోహం’ వంటివి భజన గోష్ఠిలో అందరూ కలిసి పాడుకోవడానికి అనువుగా, చరణాలన్నీ ఒకే వరుసలో నడిచేటట్టు కూర్చినవి. సంగీతం రానివారు కూడా రెండో చరణానికల్లా అందుకుంటారు. మీ బృందంలో ఇరవై ఎనిమిది మందికి శిక్షణ లేదన్నారు గనుక ఇవి మీకు పెన్నిధి.

అందుకే మొదటి కచేరీని పుష్య బహుళ పంచమి, అంటే త్యాగరాజ ఆరాధన రోజుల్లో పెట్టుకొమ్మంటాను. దాని తీరు ఒకే గొంతుగా పాడటం. దివ్యనామాలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు (రాముడి పూజా ఉపచారాలకు త్యాగరాజు కూర్చినవి), రెండు మూడు రామదాసు కీర్తనలు, అన్నమయ్య సంకీర్తనలు నాలుగు చాలు. పంచరత్నాలు ఐదూ పాడాలన్న పెద్దల కోరికను నేను గౌరవిస్తాను గాని, ఐదూ కలిపి దాదాపు గంట పడతాయి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగం అనే ఐదు రాగాల్లో స్వరాలూ (సరిగమలూ) సాహిత్యమూ (మాటలూ) కంఠస్థం కావాలి. పది మంది పాడుతూ ఇరవై ఎనిమిది మంది పెదవులు కదుపుతూ నిలబడటం ఆ కృతులకు మర్యాద కాదు. ‘ఎందరో మహానుభావులు’ ఒక్కటి తీసుకోండి. చరణాల స్వరాన్ని శిక్షణ ఉన్న పదిమందీ పాడితే, సాహిత్యాన్ని బృందమంతా అందుకోవచ్చు. మేము అలా పాడినప్పుడు సాహిత్యం వచ్చిన ప్రతిసారీ పాట ఒక్కసారిగా విచ్చుకున్నట్టుండేది. ఏళ్ళ తరబడి పంచరత్నాలు పాడుతున్న విద్వాంసులు సైతం దాన్ని మెచ్చుకున్నారు.

ఈ కచేరీని భక్తి సంగీతమని పిలిచేటట్లయితే మీ బృందంలోని క్రైస్తవ సభ్యులను కూడా అడగండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఎన్నో కీర్తనల తలమీద రాగమూ తాళమూ వేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు మన కీర్తన సంప్రదాయంలోనే నడుస్తాయి. మా బృందంలో అటువంటి కీర్తన ఒకటి పెట్టిన సంవత్సరం, పదేళ్ళుగా వెనుక వరుసలో మౌనంగా ఉండే ఒక అమ్మగారు ముందుకు వచ్చి అందరికీ నేర్పారు.

రెండో కచేరీ ఆగస్టులో, దేశభక్తి గీతాలతో. వీటి తీరు నడక, అంటే లయ. గరిమెళ్ళ సత్యనారాయణ గారు జైలుకు వెళ్ళడానికి కారణమైన ‘మాకొద్దీ తెల్లదొరతనము’, గురజాడ ‘దేశమును ప్రేమించుమన్నా’, కృష్ణశాస్త్రి ‘జయ జయ జయ ప్రియ భారత’ ఉండనే ఉన్నాయి. మీది హైదరాబాదు గనుక అందెశ్రీ ‘జయ జయహే తెలంగాణ’తో మొదలుపెట్టడం సముచితం. ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడినవారు మీలో సగం మంది ఉన్నారన్నారు కాబట్టి ‘మా తెలుగు తల్లికి’ కూడా ఉండాలి. రెండింటినీ పక్కపక్కన నిండు మనసుతో పాడండి. ఇక్కడ ఒక సాంకేతికమైన హెచ్చరిక చెప్పాలి. ‘దేశమును ప్రేమించుమన్నా’ ఏడు మాత్రల నడకలో, మూడూ నాలుగుగా విరిగే మిశ్రగతిలో ఉంది. సాధన చాలని బృందం పాదం చివరి అక్షరాన్ని తెలియకుండానే ఒక మాత్ర సాగదీసి ఎనిమిది చేస్తుంది. రెండు చరణాలు గడిచేసరికి తబలా ఒక దారిన, పాట ఒక దారిన పోతాయి. మాటలు మొదలుపెట్టకముందు వారం రోజులు ‘తకిట తకధిమి’ అని చప్పట్లతో చెప్పించండి, ఆ తరువాతే సాహిత్యం ఇవ్వండి. తబలా వాయించేవారిని చివరి వారంలో గాక మొదటి వారంలోనే పిలవాలి.

మూడోది దసరా రోజుల్లో జానపదాల కచేరీ. ముందు పాట, వెనుక పాట అన్నదే దీని తీరు. మన ఊళ్ళలో బృందగానం పుట్టినదే ఇలా. చెక్కభజనలో గురువు అందిస్తాడు, గుంపు అందుకుంటుంది. బుర్రకథలో కథకుడికి ఇరుపక్కలా వంతలు (వంత పాడేవారు) ఉంటారు. నాట్ల పాటలో ఒకామె ఎత్తుకుంటే వరుసంతా పలుకుతుంది. బతుకమ్మ పాటలో ‘ఉయ్యాలో’, ‘చందమామ’ అన్న మకుటం అందరిదీ, కథ ముందు పాడే ఆమెది. మీ కచేరీలన్నిటిలో దీనికి సాధన తక్కువ పడుతుంది, ముందు పాడగలిగినవాళ్ళను నలుగురైదుగురిని తయారు చేసుకుంటే చాలు. అయితే వీటిని నోట్సు చూసి నేర్చుకోవద్దని బతిమాలుకుంటాను. పాడుకునేవారి దగ్గరికి వెళ్ళి, లేదా వారినే పిలిపించి నేర్చుకోండి. మేము శ్రీకాకుళం జిల్లా తప్పెటగుళ్ళ (అక్కడి జానపద నృత్యగానం) కళాకారులను మూడు ఆదివారాలు పిలిపించి, పారితోషికం ఇచ్చి, వాళ్ళు పాడిన పల్లవులను వాళ్ళ యాసతోనే నేర్చుకున్నాం. యాసను ‘సరిదిద్ది’ పాడితే పాట చచ్చిపోతుంది. వేషాలు కట్టే పని మాత్రం పెట్టుకోలేదు. అది వాళ్ళ కళ, మేము పాట వరకే అరువు తెచ్చుకున్నాం.

కచేరీల స్వరూపం ఇంతవరకు. దీనికంటె ముఖ్యమైనది, చాలా బృందాలు పట్టించుకోనిది శ్రుతి, అంటే పాటకు ఆధారమైన షడ్జమాన్ని ఏ ఎత్తులో పెడుతున్నామన్నది. మనకు మగవారి సాధారణ శ్రుతి ఒకటి, ఒకటిన్నర (హార్మోనియం మెట్ల లెక్కలో ఒకటి అంటే C, ఐదు అంటే G). ఆడవారిది ఐదు, ఐదున్నర. ఇద్దరినీ కలిపి పాడించవలసి వచ్చినప్పుడు హార్మోనియం దగ్గర కూర్చున్నవారు మధ్యస్థంగా ఏదో ఒక మూడు శ్రుతి పెట్టి కచేరీ అంతా నడిపించేస్తారు. ఫలితంగా తార (పై) స్థాయిలో ఆడవారు కీచుమంటారు, లేదంటే మంద్రంలో (కింది స్థాయిలో) ఎవరి మాటా వినబడదు. బృందానికి స్థిరమైన శ్రుతి ఉండనక్కరలేదు. పాటను చూసి శ్రుతి పెట్టాలి. మంద్ర పంచమం (కింది ‘ప’) నుంచి మధ్య పంచమం, ధైవతం (నడిమి ‘ప’, ‘ద’) వరకు తిరిగే పాటకు ఒకటి నుంచి రెండు శ్రుతి పెట్టి, ఆడవారిని మగవారికంటె ఒక స్థాయి పైన పాడించండి. షడ్జమంలో మొదలై తార గాంధారం (పై ‘గ’) వరకు ఎక్కే పాటకు ఐదున్నర లేదా ఆరు పెట్టి, మగవారిని ఒక స్థాయి కింద పాడించండి. రెండు సందర్భాల్లోనూ ఇద్దరి గొంతులూ హాయిగా పలికే చోటనే ఉంటాయి. మంద్ర పంచమం నుంచి తార పంచమం దాకా రెండు నిండు స్థాయిలు తిరిగే పాటను మాత్రం మిశ్ర బృందం మొత్తంగా పాడకూడదు. పల్లవి అందరూ, అనుపల్లవి పై గళాలవారు, చరణం అందరూ అని పంచుకోవాలి.

ఈ దృష్టితో చూస్తే కురంజి రాగం బృందగానానికి దేవుడిచ్చిన వరం. అది మంద్ర నిషాదానికీ (కింది ‘ని’) మధ్య ధైవతానికీ నడుమనే తిరుగుతుంది, మధ్యమ శ్రుతిలో (‘మ’నే షడ్జమంగా పెట్టుకుని) పాడటం వాడుక. ‘ముద్దుగారే యశోద’, ‘సీతాకళ్యాణ వైభోగమే’ ఎక్కడ పది మంది చేరినా ఇట్టే కలిసిపోవడానికి వాటి ప్రసిద్ధి ఎంత కారణమో ఈ చిన్న పరిధి కూడా అంత కారణమని నేను నమ్ముతాను.

పైగా వయసు సంగతి ఒకటి ఉంది. పాతికేళ్ళ బృందమంటే మొదట ముప్ఫై ఐదేళ్ళతో చేరినవారికి ఇప్పుడు అరవై. అప్పటి శ్రుతిలోనే ఇప్పుడూ పాడించాలనుకోవడం వారిని కష్టపెట్టడమే. ఒకసారి ఒక కార్యక్రమంలో, కీబోర్డు వాయించేవారు పాత రికార్డింగుకు సరిపోవాలని మాకు చెప్పకుండా అర శ్రుతి పెంచారు. మా పెద్దక్కలు ముగ్గురు చరణంలో పాడటం ఆపేసి తలవంచుకుని నిలబడ్డారు. ఆ దృశ్యం నాకిప్పటికీ కళ్ళముందు ఉంది. అప్పటినుంచి ప్రతి పాట కాగితం మీద శ్రుతిని ఎర్ర సిరాతో రాసి, వాద్యకారులకూ ఒక ప్రతి ఇస్తున్నాం.

మీ కుర్రవాళ్ళు అడిగిన నాలుగు గళాల పద్ధతికి వస్తాను. వాళ్ళను నిరుత్సాహపరచవద్దు. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ గారు మద్రాస్ యూత్ క్వయర్‌ను స్థాపించి, భారతీయ భాషల పాటలను బహుగళాలతో పాడించి చూపించారు. కలకత్తాలో సలిల్ చౌదరి వంటివారు చేసినదీ ఆ పనే. కాబట్టి ఇది మనది కాదనే వాదన నిలవదు. రాగం ఎంపికలో మాత్రం జాగ్రత్త కావాలి. తోడి, వరాళి వంటి రాగాల్లో స్వరం నిలకడగా ఉండదు, గమకంలోనే (స్వరాన్ని ఊపుతూ పలకడంలోనే) దాని ప్రాణం ఉంటుంది. దానికి తోడుగా మరో స్వరాన్ని నిలబెడితే రెండూ ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. శంకరాభరణం, మోహన, హంసధ్వని వంటివాటిలో మెట్టు మెట్టుగా నడిచే వరుసలకు రెండో గళం చక్కగా కూర్చుంటుంది. మొదలుపెట్టడానికి ముత్తుస్వామి దీక్షితుల వారి నోట్టుస్వర సాహిత్యాలకు మించినవి లేవు. ఆయన పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చినవి గనుక అవి ఇటు పెద్దలకూ అటు పిల్లలకూ సమ్మతమే. ‘సంతతం పాహిమాం’ వరుస ఆనాటి ఇంగ్లీషువారి రాజగీతానిదని చెప్పగానే మా పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని మరింత శ్రద్ధగా నేర్చుకున్నారు. ముందు రెండు గళాలతోనే చేయండి. ఏడాదిలో నాలుగు గళాలు నిలబెట్టడం, చర్చి క్వయర్లలో పెరిగినవారు కనీసం ఎనిమిది మంది లేకపోతే, సాధ్యపడదని నా అభిప్రాయం. రెండో గళానికి మంచి గొంతులకంటె మంచి చెవులు ముఖ్యం. పక్కవారు వేరే స్వరం పాడుతుంటే తనది వదలనివారిని ఏరుకోండి.

సినిమా పాటల గురించి క్లుప్తంగా చెబుతాను. మొదటినుంచీ బృందగళాలతో కూర్చిన పాటలనే తీసుకోండి, ఏడాది మొత్తానికి మూడు చాలు, ట్రాక్ పెట్టి పాడవద్దు. హక్కుల విషయం మాత్రం కార్యవర్గం తెలుసుకొని తీరాలి. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ళ వరకు హక్కులు ఉంటాయి. ఔత్సాహిక సంఘాలు టికెట్టు లేకుండా ప్రేక్షకుల ముందు పాడటానికి 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. టికెట్టు పెట్టినా, వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టినా సంగతి మారిపోతుంది, అప్పుడు అనుమతి తీసుకోవాలి. చాలామంది పొరబడే చోటు మరొకటి ఉంది. అన్నమయ్య సాహిత్యం ఐదు వందల ఏళ్ళనాటిది గనుక హక్కుల బెడద లేదనుకుంటారు. మనం నేడు పాడే ఎన్నో వరుసలు మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులు కూర్చినవి. కనీసం కరపత్రంలో సాహిత్యం ఎవరిదో, వరుస ఎవరిదో రెండూ విడివిడిగా వేయండి. అది వారికి మనం చెల్లించవలసిన బాకీ.

నాలుగో కచేరీ, అంటే అసలు వార్షికోత్సవం, డిసెంబరులో రవీంద్రభారతిలో గాని చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో గాని చేయవచ్చు. హాలును ఆరు నెలల ముందే మాట్లాడుకోండి. ఇందులో కొత్త పాటలు రెండే ఉండాలి. మిగిలిన పది, తొలి మూడు కచేరీల్లో బాగా పండినవాటిలోంచి ఏరండి. ఒక్కొక్క తీరునూ మూడు నాలుగు పాటల గుచ్ఛంగా పెట్టి, గుచ్ఛానికీ గుచ్ఛానికీ మధ్య రెండు నిమిషాలు మాట్లాడితే గొంతులు కొత్త తీరుకు సర్దుకుంటాయి. మొత్తం గంటన్నర దాటనివ్వవద్దు. ఆ రెండు కొత్త పాటల్లో ఒకటి మీ సభ్యులే రాసి, మీలోనే ఒకరు వరుస కట్టినది కావాలని నా కోరిక. మా ఇరవయ్యో ఏట అలా పుట్టిన నాలుగు నిమిషాల మోహన రాగం పాటను ఇప్పటికీ ప్రతి సాధన చివరా పాడుతూనే ఉన్నారు. నేను విశ్రాంతి తీసుకున్నాక కూడా ఆ పాట ఆగలేదు.

పాత సభ్యులను తప్పకుండా పిలవండి. ప్రేక్షకుల్లో కూర్చోబెట్టి శాలువా కప్పి పంపడం చాలదు, వారికి తెలిసిన ఒక పాటకు వేదిక మీదికి పిలవండి. ఏ పాటో, ఏ శ్రుతిలోనో ముందే ఫోను చేసి చెప్పండి, వీలైతే ఒక సాధనకు రప్పించండి. మేము ఎంచుకున్నది మొట్టమొదటి ఏట నేర్చుకున్న రామదాసు కీర్తన. అప్పటికంటె రెండు శ్రుతులు తగ్గించి పాడాము. గతించిన ఐదుగురి పేర్లను ఆ పాటకు ముందు చదివాము, తరువాత చదివితే చప్పట్ల మధ్య కలిసిపోతాయని.

ఒంటిగా పాడే అవకాశాల గురించి మీరు అడగలేదు గాని, రజతోత్సవాల్లో మనస్పర్థలు వచ్చేది అక్కడే. ఏడాది మొత్తానికి ఎన్ని చరణాలు ఒంటిగా పాడవలసి వస్తాయో జనవరిలోనే లెక్కపెట్టి, ఎవరికి ఏది అన్నది ఒకే రోజు ప్రకటించండి. ఒక్కొక్కరికి ఒక్కటి మించకూడదు. ఎంత మంచి గాయని అయినా సరే.

ఇవన్నీ మొదలుపెట్టేముందు వచ్చే రెండు వారాల సాధనలో ఒక పని చేయండి. 38 మందినీ ఒక్కొక్కరినే హార్మోనియం దగ్గర నిలబెట్టి, శ్రమ లేకుండా ఎంత కిందికి, ఎంత పైకి పలుకుతున్నారో రాసుకోండి. మనిషికి ఐదు నిమిషాలు చాలు. ఆ పట్టికను, మీకు ఇప్పటికే వచ్చిన పాటల జాబితాను పంపితే, ఏ పాట ఏ శ్రుతిలో ఉంచాలో, ఏ గళానికి ఎవరు సరిపోతారో నేను కూర్చుని రాసి పంపిస్తాను.